ముకుందం వెనకాలే వస్తాడు

పరుగుపందెంలో ఒంటరిగా పరుగెత్తి, రెండవవాడుగా వచ్చిన మనిషి ఈ భూమి మీద ఒక్కడే ఉన్నాడు. మా తిరుపతి ముకుందం. ఇరవయ్యారు మైళ్ళ మారథాన్. నలభై ఏడో సంవత్సరం, మాఘమాసం. పరుగెత్తింది ఒక్కడే, వచ్చింది రెండో స్థానం.

నమ్మరా? సరే, కొంచెం తగ్గుతాను. పూర్తిగా ఒంటరిగా కాదు. అతని ముందు ఒక దున్నపోతు పరుగెత్తింది. దాన్ని దాటిపోవడం మర్యాద కాదని ముకుందం వెనకాలే వచ్చాడు. ఇప్పటికీ నమ్మరా? ఇంకొంచెం తగ్గుతాను. అది పూర్తిగా దున్నపోతు కూడా కాదు. ఒంటి రంగు, రొప్పే తీరు, నోటి చుట్టూ నురగ చూసి దారిన పోయేవాళ్ళు అలా అనుకున్నారు గాని, అది నేను. ఇంతకన్నా తగ్గమంటే మాత్రం నావల్ల కాదు.

ముకుందం ఎవరినీ దాటి ముందుకు పోడు. అదీ అతని జబ్బు. మనిషి గాని, మేక గాని, మట్టిబండి గాని, తనకు ముందు ఏదైనా కదులుతుంటే ఇక అతను దాని వెనకే. వాళ్ళది తరతరాలుగా గుడిలో గొడుగు పట్టే ఇల్లు. ఊరేగింపులో స్వామి వెనక నిలబడి, నిలువెత్తు కర్రకు కట్టిన గొడుగు పట్టుకుని నడవాలి. పల్లకి కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. ఒక్క అడుగు ఎక్కువ పడిందంటే నీడ స్వామిని వదిలి ముందుకు పోతుంది. మీసాలు రాకముందే పట్టిన గొడుగు అది. ఆ అలవాటు గుడి గడప దగ్గర ఆగక, అతని వెంట వీధిలోకీ ఇంట్లోకీ వచ్చేసింది. చేతిలో గొడుగు లేకపోయినా కుడి పిడికిలి భుజం పైకెత్తే నడిచేవాడు. అది చూసి బస్సులు ఆగేవి.

"ఎక్కు సామీ."

"నేను ఆపలేదే."

"చెయ్యెత్తినావు గదా?"

"అది గొడుగప్పా. నువ్వు పో."

ఒకసారి మద్రాసు రైలు అందుకోవాలని సైకిలు మీద రేణిగుంటకు బయలుదేరాడు. దారిలో ముందు ఒక వరిగడ్డి బండి పడింది. బండివాడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ముకుందం కూడా పక్కకు తప్పుకున్నాడు. బండి ఎటు తిరిగితే సైకిలూ అటే తిరిగింది. సాయంత్రానికి ఒళ్ళంతా గడ్డిపరకలతో ఇంటికొచ్చాడు. భార్య కల్యాణవల్లి గుమ్మంలో నిలబడి అడిగింది.

"రైలెక్కలేదా?"

"ఎక్కినాను."

"యాడ?"

"గడ్డివామి. ఆయప్ప ఒక్కడే వామి వేస్తా ఉంటే సూసి రాబుద్ధి కాలేదు."

కొండ మీద చెల్లెలి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ముకుందం తెల్లవారకముందే అలిపిరి మెట్టు ఎక్కాడు. ముందు ఒక అవ్వ ఉంది. ఆమెకు మెట్లపూజ మొక్కు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టి, నడుం పట్టుకుని పైకి లేచి, ఇంకో మెట్టు. ముకుందం ఆమె వెనకే ఎక్కాడు. అతను పైకి చేరేసరికి బిడ్డకు మళ్ళీ జుట్టు మొలిచిందని నేను అందరికీ చెబుతుంటాను. ఆ జుట్టు సంగతి నేను కలిపిందే. మిగతాది మాత్రం నిజం.

ఇక నా సంగతి. నేను చిత్తూరులో కాన్వెంటు చదువు చదివినవాణ్ణి. ఆటల్లో నేను గెలిచింది ఒకే ఒక్కటి, నిమ్మకాయ చెంచా పందెం. దానికి కూడా నిమ్మకాయ కింద బెల్లంపాకం పూశాను. గెలిచాను. బహుమతి పుచ్చుకునేటప్పుడు పెదవుల నిండా చీమలు. సిస్టరు నా వీపు నిమిరి, "ఎంత బాధలోనూ నవ్వుతున్నావు" అని మెచ్చుకుంది. నేను నవ్వలేదు. మూతి వాచింది.

చదువయ్యాక నగరిలో మా నాయన నూలంగడి నా కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. గంజి పట్టిన నూలు వాసన తగిలితే నాకు తుమ్ములు. కొనేవాళ్ళు లోపలికి వస్తారు, నేను తుమ్ముతాను, వాళ్ళు శకునం బాగాలేదని వెళ్ళిపోతారు. మా నాయన ఓర్చుకున్నంత ఓర్చుకున్నాడు.

"నీకు ఇంగిలీషు వస్తాది, తుమ్ము వస్తాది," అన్నాడు ఒకరోజు. "మూడోది ఏమైనా వస్తాదా?"

"పరిగెత్తడం వస్తాది నాయనా."

ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పుడు తిరుపతిలో దేవరాజులు అనే సుబేదారు యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఒక కొత్త బడికి పెద్ద మాస్టరుగా ఉన్నాడు. నగరి రోడ్డులో 'తిరుపతి 26' అని చెక్కిన మైలురాయి దగ్గర మొదలుపెట్టి బడి మైదానం దాకా ఏటా ఒక పరుగుపందెం పెట్టేవాడు. అంతకు ముందు ఏడాది నేనూ పరుగెత్తాను. నేను వచ్చేసరికి తోరణాలు విప్పేశారు, పందిరి పీకేశారు, సుబేదారు ఇంటికి పోయి భోంచేసి నిద్రపోయి లేచి, చేతిలో చెంబుతో మైదానంలోకి వచ్చాడు. నన్ను చూసి, "వచ్చే ఏటికి ముందే వచ్చేసినావే!" అన్నాడు.

ఈసారి ఆయన కొత్త మాట చెప్పాడు. బడికి డ్రిల్లు మాస్టరు కావాలి. బయలుదేరిన ఐదు గంటల లోపల వచ్చినవాళ్ళలో ముందు ఎవడుంటే వాడికే ఆ పని. మా నాయన ఆ కబురు విని, అంగట్లో నా కోసం కొత్త చాప వేయించాడు. "పని దొరికితే సంతోషం. దొరక్కపోతే మరుసటి పొద్దు ఈ చాప మీద కూసో. జన్మంతా లేవద్దు" అన్నాడు.

పని మీద ఆశ ఉన్నా, నా భయమంతా మళ్ళీ చివరివాడుగా వస్తానేమో అని. అప్పుడు నాకు, తిరుపతికి పోయినప్పుడల్లా నా కథలు వినే ముకుందం గుర్తొచ్చాడు. ఎవరినీ దాటని మనిషి వెనక ఉంటే నేను చివరివాణ్ణి ఎలా అవుతాను? ఈ తెలివికి కాన్వెంటు వాళ్ళు నాకు ఇంకో బహుమతి ఇవ్వాల్సింది. తిరుపతికి పోయి అతన్ని పట్టుకున్నాను.

"నాకెందుకప్పా పరుగు? నాకు పని ఉండాది గదా" అన్నాడు ముకుందం.

"ఊరికే నా ఎనకాల వస్తే చాలు."

"అంతేనా?"

"అంతే. నా ముందరికి రావద్దు."

"దానికేం, వస్తాను" అన్నాడు, చెయ్యి పైకెత్తి.

పందెం రోజు మైలురాయి దగ్గర ఆరుగురం నిలబడ్డాం. నాకు కాన్వాసు బూట్లు, తెల్ల నిక్కరు. ముకుందానికి మోకాళ్ళ పైకి బిగించిన పంచె, నొసట నామం, ఉత్త కాళ్ళు. సుబేదారు విజిలు ఊది, తాను తిరుపతి బస్సెక్కాడు. మిగతా నలుగురూ వాళ్ళ ఇళ్ళు అంటుకున్నట్టు పరుగెత్తారు. నేనూ పళ్ళు బిగించి వాళ్ళ వెంట పడ్డాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"అప్పా, కత చెప్పు."

"ఇప్పుడా?"

"మీ తాత కత. కార్వేటినగరం పులి. నువ్వు ఎన్నిసార్లు మొదలుబెట్టినా కడాకు చెప్పనే లేదు."

కథ చెప్పమంటే నేను నిప్పుల మీద నిలబడైనా చెబుతాను. అది నా జబ్బు. "మా తాత... కోట... గోడెక్కి..." అన్నాను.

"ఏమప్పా, కత ముక్కలు ముక్కలుగా వస్తా ఉండాది? ఇట్లయితే నాకు రుచించదు."

నా కథ రుచించదన్నవాడు అంతకు ముందు పుట్టలేదు. మాట తెగకుండా ఉండాలని పరుగు తగ్గించాను. ముందున్న నలుగురూ దుమ్ములో కలిసిపోయారు. కథ సాఫీగా నడిచింది. మా తాత మామిడితోపులో పడుకోవడం, పులి మంచం కిందికి దూరడం, ఇద్దరూ ఒకేసారి గురక పెట్టడం. ముకుందం వెనక నుంచి "ఆ... ఆ..." అంటున్నాడు. కాసేపటికి, "కత బాగా సాగుతా ఉండాది. కాలుగూడా సాగనీప్పా" అన్నాడు. కాలు సాగింది. మాట మళ్ళీ తెగితే, "రుచి పోయిందప్పా" అనేవాడు. నేను తగ్గేవాణ్ణి. ఆ రోజు ఇరవయ్యారు మైళ్ళూ నా కాళ్ళను నడిపింది నా నోరే. మామూలుగా అది నన్ను తన్నులు తినే చోటికి తీసుకుపోతుంది.

పుత్తూరు దాటాక వెనక నుంచి, "అయ్యో!" అన్నాడు.

"ఏమైందప్పా?"

"ముల్లు. నువ్వు పో. కత ఆడనే నిలిపి పెట్టు, వచ్చినాక విందాం."

నేను వెనక్కి తిరగలేదు. కాన్వెంటులో వరసలో నడిచేటప్పుడు వెనక్కి తిరిగితే సిస్టరు స్కేలు మోకాలి చిప్ప మీద పడేది. ఆ చిప్పకు ఈనాటికీ జ్ఞాపకం ఉంది. పాపం ఉత్త కాళ్ళవాడు, నా బూట్ల విలువ ఇప్పుడు తెలిసొచ్చి ఉంటుంది అని జాలిపడుతూ పరుగెత్తాను. రోడ్డు చెరువు చుట్టూ పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు తిరిగేసరికి ఒక పల్లె. పిల్లలంతా రోడ్డు మీద నిలబడి, "జే! జే!" అని అరుస్తున్నారు. ఒకామె కుండెడు నీళ్ళతో ఎదురొచ్చింది. నేను నీళ్ళు తాగి, చెయ్యి ఊపి, రొమ్ము విరిచి ముందుకు సాగాను. నా పేరు ఇంత దూరం పాకిందని నాకు అంతవరకూ తెలియదు.

కొంతసేపటికి వెనక పాదాల చప్పుడు. "వచ్చినానప్పా. ముల్లు బాగా లోపలికి దిగినింది. పులి మంచం కింద ఉండాది గదా, ఆన్నుంచి చెప్పు."

వడమాలపేట దగ్గర అతనికి మళ్ళీ ముల్లు. నేను ఒక్కణ్ణే ఊళ్ళోకి వచ్చేసరికి పూరింటి ముందు గంగులమ్మ అనే ఆమె పెద్ద ముంతలో మజ్జిగ పట్టుకుని నిలబడి ఉంది. ఉప్పు, అల్లం, కరివేపాకు. "తాగు సామీ, నీలాంటోళ్ళు మా ఊరికి రావడమే గొప్ప" అంది. నేను ఆ మాట కాదనలేదు. ఆమె పేరు అడిగాను. నన్ను చూశానని మనవళ్ళకు చెప్పుకుంటుంది కదా, నాకూ ఆమె పేరు తెలిసి ఉండటం మర్యాద.

ముందు దూసుకుపోయిన నలుగురూ ఒక్కొక్కరే కనబడసాగారు. ఒకడు కల్వర్టు మీద కూర్చుని పిక్కలు పిసుక్కుంటున్నాడు. నేను దాటిపోయాను. వెనక ముకుందం ఆగిపోయాడు. ఎదుటివాడు కూర్చుని ఉన్నా అతను దాటడు.

"అప్పా, నువ్వు కూసోని ఉండావా, మానుకున్నావా?"

"ఊపిరి తీసుకుంటా ఉండానయ్యా."

"అది కాదు. మానుకున్నావా లేదా చెప్పు. మానుకోకుంటే నేనూ ఈడనే కూసుంటాను."

"మానుకున్నా, మానుకున్నా! పో సామీ!"

"సంతోషం" అని నా వెనకాల పరుగెత్తుకొచ్చాడు. రెండోవాడు చెట్టు కింద నిద్రపోతుంటే లేపి మరీ అడిగాడు. మూడోవాడు అత్తగారింట్లో భోంచేస్తున్నాడని తెలిసి, పెళ్ళివారిని పిలిచినట్టు గుమ్మంలో నిలబడి అడిగొచ్చాడు. నాలుగోవాడు మమ్మల్ని బస్సులో దాటిపోతూ, అడగకముందే కిటికీలోంచి, "మానుకున్నా!" అని అరిచాడు.

మిగిలింది మేమిద్దరమే. అప్పుడొచ్చింది అంజేరమ్మ కనుమ. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. దారి పైకి ఎక్కుతోంది. నా గుండె గొంతులోకి ఎక్కింది. కథలో పులి మా తాత ముందు నోరు తెరిచింది, సరిగ్గా అక్కడ నా ఊపిరి తెగింది. రోడ్డు పక్క బండ మీద కూలబడ్డాను. బూట్లు విప్పాను. నగరి చాప కళ్ళ ముందు పరుచుకుంది. అది చల్లగా, మెత్తగా కూడా కనబడింది.

"నావల్ల కాదప్పా. నువ్వు పో. నువ్వన్నా పో" అన్నాను.

ముకుందం నా వెనక నిలబడ్డాడు. చెయ్యి అలాగే పైకి ఉంది. "పులి నోరు తెరిచిందంటివే?"

"తెరిచింది."

"తెరిచి?"

"తెరిచింది, అంతే. నేను చచ్చిపోతా ఉండాను."

"నువ్వు చచ్చిపోతే పులి అట్లనే ఉండాల్నా? ఎంతసేపని నోరు తెరుచుకోని ఉంటుందప్పా, దానికి దవడ నొప్పి పుట్టదా? మీ తాతగూడా పాపం ఎంతసేపు నిలబడుకోని ఉంటాడు?"

"నువ్వు పోరాదా!"

"యాడికి పోయేది? నువ్వు ముందర ఉండావే. మానుకున్నానని చెప్పు, పోతాను."

ఆ మాట నోటిదాకా వచ్చింది. మూడక్షరాలో నాలుగక్షరాలో, చెబితే అయిపోతుంది. నోరు తెరిచాను. నేను, పులి, ఇద్దరమూ నోరు తెరిచే ఉన్నాం. కాని నా నోట్లోంచి ఆ మాట రాలేదు. "ఆవులించడానికి" అని వచ్చింది.

"ఏమి?"

"పులి నోరు తెరిచింది ఆవులించడానికి" అన్నాను, బూట్లు తొడుక్కుంటూ. ఆ కథకు ముగింపు అంతవరకూ నాకే తెలియదు. అందుకే ఎప్పుడూ సగంలో ఆపేవాణ్ణి. "మా తాతకు ఎవరు నోరు తెరిచినా తమలపాకు చిలక పెట్టడం అలవాటు. పెట్టినాడు." లేచాను. ఒక అడుగు. ఇంకో అడుగు. "పులికి రుచి తగిలింది. అప్పట్నుంచి దినామూ సాయంత్రం వచ్చి నోరు తెరిచేది. దాని నోరు ఎర్రగా ఉండేది. జనం మనిషిని తినిందని పారిపోయేవాళ్ళు."

"అట్లనా!" అన్నాడు వెనక నుంచి, తేలికపడి. "ఇన్నాళ్ళూ మీ తాతని తినేసిందనుకున్నా. మరి ఈయప్ప ఎట్ల పుట్టినాడా అని ఒకటే దిగులు."

కనుమ దిగాక మళ్ళీ ఒక ముల్లు. ఆ ముల్లు వెంటనే ఒక ముసలాయన తడిగుడ్డతో ఎదురై నా మెడ చుట్టూ చుట్టాడు. ఇద్దరు కుర్రాళ్ళు పలక డప్పులు వాయిస్తూ కొంతదూరం నాతో పరుగెత్తారు. తిరుపతి మైదానంలోకి నేను ఊరేగింపుగా వచ్చాను, నా వెనకాలే చెయ్యెత్తి ముకుందం. దేవరాజులు గడియారం చూశాడు. నన్ను చూశాడు. గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఐదు గంటలు నిండడానికి ఇంకా రెండు నిమిషాలు ఉంది. అంతకు ముందూ ఆ తర్వాతా నేను అంత వేగంగా ఎక్కడికీ పోలేదు, నా పెళ్ళికి కూడా.

డ్రిల్లు మాస్టరు పని వచ్చింది. నగరి చాప మీద మా నాయనే కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు నాకొక కోరిక పుట్టింది. దారి పొడుగునా నన్ను ఆదరించిన ప్రజలకు ఇంకోసారి దర్శనం ఇవ్వాలని. ఆదివారం పూట ఇస్త్రీ నిక్కరు, మెడలో విజిలు వేసుకుని వడమాలపేటలో బస్సు దిగాను. గంగులమ్మ ఇంటి ముందు నిలబడి నవ్వాను.

"ఎవురు నాయనా?" అంది.

"నేనమ్మా. ఆ పొద్దు పరుగు..."

ఆమె తేరిపారా చూసింది. "ఓ, నాలిక బయటేసుకోని వచ్చినోడివా? బతికినావా? బాగుండాది."

"ఆ పొద్దు మజ్జిగ ఇస్తివే. నీలాంటోళ్ళు రావడమే గొప్ప అంటివే."

"నేనెందుకంటానప్పా? గొడుగుసామి చెప్పమంటే చెప్పినా." ఆమె చెరువుకట్ట వైపు చెయ్యి చూపింది. "అదో, ఆ కట్ట మీద అడ్డంబడి పరిగెత్తుకుంటా వచ్చినాడు. 'అమ్మా, ఎనకాల ఒకాయప్ప వస్తా ఉండాడు, మజ్జిగ కలిపి పెట్టు, మంచి మాట ఒకటి చెప్పు, నేను చెప్పినానని మాత్రం అనొద్దు' అన్నాడు. నువ్వూ తాగు సామీ అంటే, 'నాకు టైము లేదు, నేను ఆయప్ప ఎనక్కి పోవాల' అని మళ్ళీ అదే కట్ట మీద పరిగెత్తినాడు. ఇదేం పరుగో! ముందరికొచ్చి మళ్ళీ ఎనక్కి పోయేది యాడన్నా ఉండాదా?"

నేను పుత్తూరు పక్క పల్లెకు పోలేదు. పోవలసిన పని లేకపోయింది. ముల్లు గుచ్చుకున్న చోటల్లా జేజేలు ఎందుకు వినబడ్డాయో నా మోకాలి చిప్పకు కూడా అర్థమైంది. ఎవరినీ దాటని మనిషి ఆ రోజు నన్ను మూడుసార్లు దాటాడు. దాటినట్టు తెలియకుండా మూడుసార్లు వెనక్కి వచ్చాడు. నేను ఇరవయ్యారు మైళ్ళు పరుగెత్తితే అతను ఎన్ని పరుగెత్తాడో దేవరాజులు గడియారానికి కూడా తెలియదు.

బస్సు దిగి నేరుగా అతని ఇంటికి పోయాను. ముకుందం లేడు, గుడికి పోయాడు. కల్యాణవల్లి వాకిట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చెరగడం ఆపలేదు.

"నన్ను కట్టుకున్న కొత్తలో నేనూ అడిగినాను," అంది. "ఎందుకయ్యా నీకు ఈ ఎనక నడిచే రోగం అని. 'ఎవరో ఒకరు కడాన ఉండాల గదా, అది నేనైతే ఇంకెవురికీ ఆ బాధ లేదు' అన్నాడు. ఆ పొద్దు నుంచి నేనూ అడగడం మానుకున్నా. కాఫీ తాగతావా?"

చివరివాణ్ణి కాకుండా ఉండటానికి అతన్ని నేను ఎంత తెలివిగా పిలుచుకున్నానో ఆమెకు చెప్పలేదు. కాఫీ తాగి, విజిలు జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇన్నేళ్ళకు ఇదంతా రాసి, నిన్న అతనికి చదివి వినిపించాను. అరుగు మీద కళ్ళు మూసుకుని, ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. పులి దగ్గర కూడా కదలలేదు. అయిపోయాక కళ్ళు తెరిచి, నవ్వు దాచుకుంటూ ఇంట్లోకి చూసి కేకేశాడు.

"ఏమే, ఈ పెద్దాయన ఎవరో వచ్చి ఏందేందో చదవతా ఉండాడు. పరుగూ లేదు, మజ్జిగా లేదు, వడమాలపేట యాడుందో నాకు తెలియనే తెలియదు. ఒక్క మాట నిజం లేదు. నేను ఈయప్పని సూడ్డమే ఈ పొద్దు!"